లాటిన్ చదువు, లాటరీ ప్రవేశం: ఊళ్లో ఒక క్లాసికల్ చార్టర్ స్కూలు పెట్టాలంటే

టెక్సాస్‌లోని ఇర్వింగ్, లూయిస్‌విల్, ఫ్రిస్కో ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల చదువు గురించి మాట్లాడుకునేటప్పుడు ఒక రకం బడి ప్రస్తావన తరచూ వస్తుంది. అక్కడ పిల్లలు యూనిఫాం వేసుకుంటారు. చిన్న తరగతుల్లో కవితలు కంఠస్థం చేస్తారు. కాస్త పెద్దయ్యాక లాటిన్ మొదలుపెడతారు. హైస్కూల్లో హోమర్‌నూ ప్లేటోనూ చదివి, గుండ్రంగా కూర్చుని గంటల తరబడి చర్చిస్తారు. తరగతి గదిలో టాబ్లెట్లు దాదాపు కనిపించవు. ఇదంతా విన్నవాళ్లు వెంటనే ఫీజు ఎంత అని అడుగుతారు. ఫీజు లేదు. అది ప్రభుత్వ డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూలు. ప్రవేశ పరీక్ష ఉండదు, సిఫారసు పనిచేయదు. సీట్లకన్నా దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు.

వీటిని క్లాసికల్ చార్టర్ స్కూళ్లు అంటారు. కొన్నింటిని పెద్ద సంస్థలు నడుపుతుంటే, మరికొన్ని ఒక ఊళ్లో కొందరు తల్లిదండ్రులు పట్టుబట్టి పెట్టుకున్నవి. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో 2001లో తెరుచుకున్న రిడ్జ్‌వ్యూ క్లాసికల్ స్కూల్స్ అలా స్థానిక తల్లిదండ్రుల చొరవతో పుట్టిందే. మన ఊళ్లోనూ ఒకటి పెట్టుకోగలమా అంటే, చట్టం అడ్డు చెప్పదు. కానీ ఈ పనికి దిగేవారు ఏ పుస్తకాలు చదివించాలి, లాటిన్ ఏ తరగతి నుంచి నేర్పాలి అన్న మాటలతో ఉత్సాహంగా మొదలుపెడతారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా తేలికైన భాగం అది. పాఠ్యప్రణాళిక ఎక్కడైనా దొరుకుతుంది. ఊళ్లో ఎవరి బిడ్డ అయినా వచ్చి కూర్చోగల బడిగా దాన్ని నిలబెట్టడం అసలు కష్టం. క్లాసికల్ చదువుకు తనదైన అభిరుచి ఉంది, క్రమశిక్షణ ఉంది, ఇది మంచిది ఇది కాదు అని ఏరుకునే గుణం ఉంది. చార్టర్ మాత్రం ప్రజలతో కుదుర్చుకున్న ఒప్పందం. పిల్లలను ఏరుకునే హక్కు అందులో లేదు. ఈ రెండు సగాలు ఒకే కప్పు కింద ఎక్కడెక్కడ ఒరుసుకుంటాయో తెలిస్తేనే బడి పెట్టడమంటే ఏమిటో అర్థమవుతుంది.

ఒప్పందం సంగతి

చార్టర్ స్కూలు ఆలోచనను దేశం దృష్టికి తెచ్చినది ఒక ఉపాధ్యాయ సంఘ నాయకుడు. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ 1988లో వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంలో, ఉపాధ్యాయులు కొత్త పద్ధతులు ప్రయత్నించడానికి ప్రభుత్వ వ్యవస్థ లోపలే స్వతంత్రంగా నడిచే బడులు ఉండాలన్నారు. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో మొదటి చార్టర్ స్కూలు మొదలైంది. ఉద్యమం తాను ఊహించిన దారిలో నడవడం లేదని తర్వాతి కాలంలో షాంకరే విమర్శకుడయ్యారు. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో ఈ చట్టాలు ఉన్నాయి, సుమారు 37 లక్షల మంది పిల్లలు ఈ బడుల్లో చదువుతున్నారు.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు దీనికి దగ్గరగా తెలిసినది ఎయిడెడ్ పాఠశాల. యాజమాన్యం ప్రైవేటుది, జీతాలు సర్కారువి. చార్టర్‌లోనూ సాధారణంగా లాభాపేక్ష లేని సంస్థ బడి నడుపుతుంది, పిల్లల సంఖ్యను బట్టి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది. కానీ రెండు తేడాలు ముఖ్యం. ఎయిడెడ్ గ్రాంటు ఒకసారి వస్తే ఏళ్ల తరబడి కొనసాగింది. చార్టర్‌కు గడువు ఉంటుంది. టెక్సాస్‌లో మొదటి ఒప్పందం 5 ఏళ్లకు, పునరుద్ధరిస్తే 10 ఏళ్లకు. అరిజోనాలో మొదటే 15 ఏళ్లు ఇస్తారు. రెండో తేడా మతం. మన దగ్గర ఎయిడెడ్ బడుల్లో చాలావాటిని క్రైస్తవ మిషన్లు పెట్టాయి. అమెరికా చార్టర్‌లో మతబోధన కుదరదు. ఓక్లహోమాలో ఒక కేథలిక్ ఆన్‌లైన్ బడికి చార్టర్ ఇస్తే ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. కేసు దేశ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 మేలో అక్కడ న్యాయమూర్తులు 4-4గా చీలిపోవడంతో కింది తీర్పే నిలిచింది. చివరిమాట ఇంకా చెప్పలేదన్నమాట. క్లాసికల్ బడులకు ఇది పక్కింటి గొడవ కాదు. ఇదే పద్ధతిలో నడిచే క్రైస్తవ ప్రైవేటు బడులు అమెరికాలో చాలా ఉన్నాయి. అక్కడ పనిచేసిన ఉపాధ్యాయులు, అక్కడి పుస్తకాలు, అక్కడి అలవాట్లు చార్టర్ బడిలోకి సహజంగానే వస్తాయి. ఏది సాహిత్యంగా చదివించాలి, ఏది ప్రార్థన అవుతుంది అన్న గీత మొదటి రోజు నుంచే తెలిసి ఉండాలి.

క్లాసికల్ అంటే ఏం చదువు

ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం చాలావరకు 1947లో ఆంగ్ల రచయిత్రి డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగం నుంచి వచ్చింది. మధ్యయుగాల ఐరోపాలో వ్యాకరణం, తర్కం, వాక్పటిమ అనే మూడు విద్యలతో చదువు మొదలయ్యేది. ఆమె వాటిని పిల్లల వయసుతో జత చేశారు. చిన్నపిల్లలు దేన్నైనా ఇష్టంగా వల్లిస్తారు కాబట్టి అప్పుడు గట్టి సమాచారం ఇవ్వాలి. పది పన్నెండేళ్లకు ప్రతి మాటకూ ఎదురు చెబుతారు కాబట్టి తర్కం నేర్పాలి. కౌమారంలో తమ గొంతు వెతుక్కుంటారు కాబట్టి చక్కగా రాయడం, మాట్లాడడం నేర్పాలి. ఎక్కాలు, శతక పద్యాలు వల్లించి పెరిగిన తెలుగు తల్లిదండ్రులకు ఇందులో మొదటి మెట్టు కొత్తగా అనిపించదు. రెండో మెట్టే మనవాళ్లలో చాలామందికి పరిచయం లేనిది. పదకొండేళ్ల పిల్లవాడు ఉపాధ్యాయుడితో వాదించడాన్ని బడే ప్రోత్సహిస్తుంది.

తరగతి గదిలో ఇది ఎలా ఉంటుందంటే, చదవడం నేర్పేటప్పుడు చాలా బడులు అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని ఒక్కొక్కటిగా, ఓపికగా నేర్పుతాయి. లెక్కలకు, వస్తువులతోనూ బొమ్మలతోనూ మొదలుపెట్టి అంకెలకు వెళ్లే సింగపూర్ పద్ధతి ఎక్కువ వాడుకలో ఉంది. చరిత్రను ప్రాచీన కాలం నుంచి వరుసలో చెబుతారు. అరిజోనాలో మొదలైన గ్రేట్ హార్ట్స్ బడుల్లో 9 నుంచి 12 తరగతుల వారికి రోజూ రెండు గంటల చర్చా తరగతి ఉంటుంది. అక్కడ ఉపాధ్యాయుడు ఉపన్యాసం ఇవ్వడు, ప్రశ్నలు వేస్తాడు. ఆ సంస్థ మూలాలు 1996లో మొదలైన టెంపీ ప్రిపరేటరీ అనే బడిలో ఉన్నాయి. తొలి సొంత బడి 2003లో, టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో బడి 2014లో, ఇర్వింగ్ బడి ఆ మరుసటి ఏడాది వచ్చాయి.

ఈ రంగంలో మరో పెద్ద పేరు మిషిగన్‌లోని హిల్స్‌డేల్ కాలేజీ. 2010లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఈ కాలేజీ స్థానిక బృందాలకు పాఠ్యప్రణాళిక, ఉపాధ్యాయ శిక్షణ ఇస్తుంది. స్థాపక బృందానికి ఇది ఎంతో ఆసరా. కానీ ఆ కాలేజీకి కన్సర్వేటివ్ రాజకీయాలతో బహిరంగమైన అనుబంధం ఉంది, ఆ బరువూ వెంట వస్తుంది. 2022లో టెన్నెస్సీలో ఆ కాలేజీ అధ్యక్షుడు ఉపాధ్యాయ శిక్షణ గురించి అవమానకరంగా మాట్లాడిన వీడియో బయటికి వచ్చింది. దాని అనుబంధ బడుల కోసం మూడు కౌంటీల్లో వేసిన దరఖాస్తులను స్థానిక బోర్డులు తిరస్కరించాయి. రాష్ట్ర చార్టర్ కమిషన్‌కు చేసిన అప్పీళ్లను దరఖాస్తు చేసిన సంస్థ చివరికి తానే వెనక్కి తీసుకుంది. ఎక్కడో అన్న ఒక మాట ఊళ్లో బడికి అడ్డం పడింది. సాయం ఎవరి దగ్గర తీసుకుంటున్నామో ఊరికి ముందే చెప్పి, ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోవడం స్థాపకుల పని.

ఈ చదువు తెల్లవారిదనీ, ఉన్నవారిదనీ ఒక విమర్శ ఉంది. పుస్తకాల జాబితాలు చూస్తే విమర్శ పూర్తిగా తప్పని చెప్పలేం. చాలాచోట్ల ఆసియా, ఆఫ్రికా రచనలు పేరుకు మాత్రమే ఉంటాయి. మన పిల్లలు గ్రీకు నాటకం చదువుతూ కాళిదాసు పేరు కూడా వినకుండా పట్టా పుచ్చుకునే అవకాశం ఉంది. అయినా ఈ సంప్రదాయాన్ని ఒక వర్గానికి రాసిచ్చేయడానికి నేను ఒప్పుకోను. బానిసత్వంలో పుట్టిన అనా జూలియా కూపర్ వాషింగ్టన్‌లోని ఎం స్ట్రీట్ హైస్కూల్లో లాటిన్ బోధించారు. 1902 నుంచి 1906 దాకా ఆ నల్లజాతి బడికి ప్రిన్సిపాల్‌గా ఉండి, పిల్లలను దేశంలోని పేరున్న కాలేజీలకు సిద్ధం చేశారు. నల్లపిల్లలకు చేతిపనులు నేర్పితే చాలని పెద్దలు చెబుతున్న రోజులవి. ఆ వాదనకు ఆమె జవాబు లాటిన్ తరగతి. న్యూయార్క్‌లో 2006లో తెరుచుకున్న సౌత్ బ్రాంక్స్ క్లాసికల్ చార్టర్ స్కూలు పిల్లల్లో అత్యధికులు నల్లజాతి, హిస్పానిక్ పేద కుటుంబాల వారు. రాష్ట్ర పరీక్షల్లో ఆ బడి ఫలితాలు చాలా ఎత్తున ఉంటాయి.

అనుమతి ఎవరు ఇస్తారు

ఇక్కడ రాష్ట్రం మారితే కథ మారుతుంది. కొలరాడోలో ఎక్కువగా స్థానిక స్కూలు డిస్ట్రిక్టుకే, అంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థకే దరఖాస్తు చేస్తారు. టెక్సాస్‌లో కొత్త సంస్థలు రాష్ట్ర విద్యా కమిషనర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన సరేనన్నా, ఎన్నికైన రాష్ట్ర విద్యా మండలికి వీటో ఉంది. ఇండియానాలో కాలేజీలు కూడా అనుమతి ఇవ్వగలవు. ఆ రాష్ట్రంలో బ్లూమింగ్టన్ పక్కనున్న ఎలెట్స్‌విల్ అనే చిన్న ఊళ్లో సెవెన్ ఓక్స్ క్లాసికల్ స్కూలు స్థాపకులకు రాష్ట్ర చార్టర్ బోర్డు దగ్గర పని కాలేదు. చివరికి గ్రేస్ కాలేజీ అనే క్రైస్తవ కాలేజీ అనుమతితో 2016లో బడి తెరిచారు. ప్రజాధనంతో నడిచే బడికి ఒక మత కాలేజీ అనుమతి ఇవ్వడమేమిటని స్థానికంగా గట్టి అభ్యంతరం వచ్చింది, కోర్టుకూ వెళ్లింది. అనుమతి ఏ తలుపు నుంచి వచ్చిందన్నది ఊళ్లో చాలాకాలం మాట్లాడుకుంటారు. తేలికైన తలుపు ఎప్పుడూ మంచి తలుపు కాకపోవచ్చు.

దరఖాస్తు వందల పేజీలు ఉంటుంది. ఏ తరగతులతో మొదలుపెడతారు, ఏటా ఎంతమంది, ఐదేళ్ల బడ్జెట్ ఏమిటి, ఇంగ్లీషు రాని పిల్లలకు ఎలా నేర్పుతారు, వైకల్యం ఉన్న పిల్లలకు ఎవరు సేవ చేస్తారు, పాలకమండలి సభ్యులెవరు, వారిలో ఎవరికి ఎవరితో డబ్బు సంబంధాలున్నాయి, అన్నీ రాయాలి. ఆలోచన పుట్టిన రోజుకూ బడి గంట మోగిన రోజుకూ మధ్య రెండు మూడేళ్లు సులువుగా గడిచిపోతాయి. మొదట ఉత్సాహపడిన తల్లిదండ్రుల పిల్లలు ఆలోపు ఎదిగిపోతారు. తమ పిల్లల కోసమే దిగినవారు ఈ దశలో జారుకుంటారు. ఊళ్లో పిల్లలందరి కోసం అనుకున్నవారే మిగులుతారు.

నాష్‌విల్ గొడవ

రెండు సగాలు ఎలా ఢీకొంటాయో చూడడానికి 2012లో టెన్నెస్సీలోని నాష్‌విల్‌లో జరిగినదాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. ఊరి పశ్చిమ భాగంలో ఒక క్లాసికల్ బడి కావాలని కొందరు తల్లిదండ్రులు గ్రేట్ హార్ట్స్‌ను ఆహ్వానించారు. అది బాగా డబ్బున్న ప్రాంతం. స్కూలు బోర్డు సభ్యులు కొందరు రెండు ప్రశ్నలు వేశారు. ఊరి అవతలి వైపున్న పేద పిల్లలు అక్కడికి ఎలా రావాలి? బస్సు నడపకపోతే, కారున్న ఇళ్ల పిల్లలే వస్తారు కదా, అప్పుడు అది ప్రజల డబ్బుతో నడిచే ప్రైవేటు బడి అవుతుంది కదా? నగరంలో జాతుల వారీగా బడులు వేరైపోయిన చరిత్ర ఉంది, దాన్ని సరిచేయడానికి దశాబ్దాల కోర్టు కేసులు నడిచాయి. ఆ ప్రశ్న గాలిలోంచి పుట్టలేదు.

బడి కోరిన తల్లిదండ్రుల వాదనలోనూ బలం ఉంది. లాటరీ అందరికీ సమానం, ఎవరినీ రావద్దనడం లేదు, మంచి బడి ఒకటి వస్తుంటే దాన్ని పుట్టకముందే ఆపడం దేనికి అన్నారు. రాష్ట్ర విద్యా మండలి వారి పక్షాన నిలిచి, అనుమతించమని స్థానిక బోర్డుకు చెప్పింది. బోర్డు వినలేదు. సెప్టెంబరులో మళ్లీ తిరస్కరించింది. కోపగించిన రాష్ట్ర ప్రభుత్వం నాష్‌విల్ బడులకు రావలసిన సుమారు 34 లక్షల డాలర్లు ఆపేసింది. గ్రేట్ హార్ట్స్ వెళ్లిపోయింది. తర్వాత స్థానిక బోర్డులను దాటి అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర మండలికి ఇస్తూ చట్టం మారింది. 2019లో చార్టర్ల కోసం ప్రత్యేక రాష్ట్ర కమిషన్ ఏర్పాటుకు మరో చట్టం వచ్చింది.

ఈ గొడవలో ఎవరు గెలిచారన్నది వదిలేద్దాం. బస్సు ప్రశ్న వేసినవారు సరైన ప్రశ్నే వేశారు. లాటరీ నిష్పక్షపాతమే, కానీ లాటరీలో పేరు వేసేదాకా జరిగేదంతా నిష్పక్షపాతం కాదు. బడి ఉందన్న కబురు ఎవరికి చేరింది, దరఖాస్తు ఏ భాషలో ఉంది, సమాచార సమావేశం పనిరోజు మధ్యాహ్నం పెట్టారా శనివారం పెట్టారా, మధ్యాహ్న భోజనం ఇస్తారా, యూనిఫాం ఖర్చు ఎవరు భరిస్తారు, పిల్లలను దింపి తీసుకెళ్లడానికి ఇంట్లో ఖాళీగా ఉన్న మనిషి ఉండాలా? చాలా రాష్ట్రాల్లో చార్టర్ బడి బస్సు నడపాలన్న నిబంధన లేదు. కొన్ని బడులు ప్రభుత్వ భోజన పథకంలో చేరవు. స్వచ్ఛంద విరాళం పేరుతో ప్రతి కుటుంబాన్నీ ఏటా డబ్బు అడిగేవీ ఉన్నాయి. చట్టం దృష్టిలో ఇవ్వనవసరం లేదు. ఇవ్వలేని తల్లి ఆ కాగితం చూసి ఏమనుకుంటుందో స్థాపకులు ఆలోచించాలి. ఇవన్నీ కలిస్తే, ఎవరూ ఎవరినీ ఆపకుండానే తలుపు మూసుకుపోతుంది.

వైకల్యం ఉన్న పిల్లల విషయంలో మాత్రం ఊహలకు తావు లేదు. 1975 నాటి సమాఖ్య చట్టం ప్రకారం ప్రతి పబ్లిక్ స్కూలూ వారికి తగిన విద్య ఉచితంగా ఇవ్వాలి. టెక్సాస్‌లో చార్టర్ సంస్థ తానే ఒక స్కూలు డిస్ట్రిక్టుతో సమానం కాబట్టి, స్పీచ్ థెరపీ నుంచి ప్రత్యేక ఉపాధ్యాయుల దాకా అన్నీ తానే సమకూర్చుకోవాలి. మా చదువు కష్టం, మీ అబ్బాయికి సరిపడదేమో అని మెత్తగా చెప్పి పంపడం చట్టవిరుద్ధం. అలా పంపించే బడి క్లాసికల్ అన్న పేరుకు కూడా తగదు. డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ధ్వనుల ఆధారంగా క్రమపద్ధతిలో చదవడం నేర్పడం మేలు చేస్తుంది. క్లాసికల్ బడుల్లో చాలావరకు ఉన్నదే అది. ఆ బలాన్ని గుర్తించకుండా ఆ పిల్లలను బరువుగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది.

డబ్బు, భవనం

టెక్సాస్‌లో పిల్లవాడికి రాష్ట్రం లెక్కగట్టే మూల మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్లు. దానిమీద ప్రత్యేక విద్య, ఇంగ్లీషు నేర్చుకునేవారు వంటి వాటికి అదనంగా వస్తుంది. ఆ లెక్కన 300 మంది పిల్లలతో తెరుద్దామనుకుంటే మూల మొత్తం 18,48,000 డాలర్లు. తెరిచిన రోజు 40 మంది తక్కువ వస్తే దాదాపు రెండున్నర లక్షలు తగ్గుతుంది. అద్దె తగ్గదు. పైగా టెక్సాస్‌లో పేరు నమోదైతే చాలదు, రోజువారీ హాజరును బట్టి డబ్బు వస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి పిల్లలను నెలన్నర ఇండియాలో ఉంచే తెలుగు కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ రోజులకు బడి డబ్బు పోగొట్టుకుంటుంది, ఎక్కువ రోజులు రాకపోతే పిల్లవాడి సీటుకే ముప్పు వస్తుంది.

భవనం మరీ కష్టం. మామూలు స్కూలు డిస్ట్రిక్టు ఆస్తిపన్ను వేస్తుంది, ఓటర్ల ఆమోదంతో బాండ్లు జారీ చేసి కోట్ల డాలర్లతో బడి కడుతుంది. చార్టర్‌కు పన్ను వేసే అధికారం లేదు. అందుకే కొత్త బడులు చర్చి హాళ్లలోనో మూతపడిన దుకాణాల్లోనో మొదలవుతుంటాయి. ఇండియానాలో ఒక చట్టం ఉంది: డిస్ట్రిక్టు వాడని బడి భవనాన్ని చార్టర్‌కు ఒక డాలరుకు ఇవ్వాలి. ఖాళీ భవనం ఊరుకునే పాడవకుండా ఉంటుందని ఒకరు, ఊరు కట్టుకున్న ఆస్తిని లాక్కుంటున్నారని మరొకరు అంటారు. టెక్సాస్ 2017లో చట్టం చేసి చార్టర్ల భవనాలకు ఏటా 6 కోట్ల డాలర్లు కేటాయించింది. రాష్ట్రంలోని బడులన్నిటికీ పంచితే ఒక్కోదానికి వచ్చేది కొద్దే. మంచి రుణ రేటింగ్ ఉన్న చార్టర్ల బాండ్లకు రాష్ట్ర శాశ్వత పాఠశాల నిధి హామీ ఇస్తుంది. కొత్త బడికి ఆ రేటింగ్ ఎక్కడ నుంచి వస్తుంది? మొదటి ఏళ్ల ఖర్చులకు సమాఖ్య ప్రభుత్వ చార్టర్ స్కూళ్ల కార్యక్రమం నుంచి గ్రాంట్లు దొరుకుతాయి. దాంతో పుస్తకాలు, బల్లలు, శిక్షణ కొనవచ్చు. భవనం కట్టలేరు.

ఉపాధ్యాయుల గురించి రెండు మాటలు చాలు. టెక్సాస్ చార్టర్లలో చాలా సబ్జెక్టులకు డిగ్రీ ఉంటే సరిపోతుంది, ప్రత్యేక విద్యకు, ద్విభాషా బోధనకు మాత్రం సర్టిఫికెట్ తప్పదు. కాబట్టి సాహిత్యంలో, తత్త్వశాస్త్రంలో చదువుకున్నవారిని నేరుగా తీసుకోవచ్చు. లాటిన్ వచ్చి, పన్నెండేళ్ల పిల్లలు ముప్పైమందిని అదుపులో ఉంచగలిగిన మనిషి దొరకడం మాత్రం చాలా అరుదు.

పాలకమండలి చేతిలో

చార్టర్‌ను సంతకం చేసి తీసుకునేది పాలకమండలి. ప్రిన్సిపాల్‌ను నియమించేది, తొలగించేది అదే. ఎక్కువ బడులు చదువు చాలక కాక, ఈ మండలిలో గొడవల వల్ల, డబ్బు లెక్కల వల్ల కూలుతాయి. 2023 మార్చిలో ఫ్లోరిడాలోని టాలహాసీ క్లాసికల్ స్కూలు ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఆరో తరగతి పునరుజ్జీవన కళ పాఠంలో మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ నగ్న శిల్పం చూపించారు. ముందుగా తల్లిదండ్రులకు ఉత్తరం పంపాల్సి ఉండగా ఆసారి పంపలేదు. కొందరు ఫిర్యాదు చేశారు, ఒకరు దాన్ని అశ్లీలమన్నారు. మండలి ఒత్తిడితో ప్రిన్సిపాల్ రాజీనామా చేశారు. అదొక్కటే కారణం కాదని మండలి అధ్యక్షుడు చెప్పారు. ఫ్లోరెన్స్‌లో ఆ శిల్పం ఉన్న మ్యూజియం డైరెక్టర్ బడివాళ్లను వచ్చి స్వయంగా చూడమని ఆహ్వానించారు. పాఠ్యప్రణాళిక ఇచ్చిన హిల్స్‌డేల్ కాలేజీ బడితో సంబంధం తెంచుకుంది. ఆ బడి తెరిచి అప్పటికి మూడేళ్లే. నన్ను కలచివేసేది శిల్పం గొడవ కన్నా దాని వెనకున్న సంగతి. క్లాసికల్ చదువులో ఏముంటుందో మండలి, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ముందుగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే, గ్రీకు, రోమన్, ఇటాలియన్ కళలో నగ్నత్వం ఉంటుందన్న విషయం ఆరో తరగతి పాఠం రోజు ఎవరినీ ఆశ్చర్యపరిచేది కాదు.

రెండో కథ నార్త్ కరోలినాలోని లీలండ్ అనే ఊరిది. అక్కడి చార్టర్ డే స్కూలు కూడా క్లాసికల్ చదువు చెబుతుంది. బాలికలు స్కర్టులే వేసుకోవాలి, ప్యాంట్లు కుదరవని నిబంధన పెట్టింది. బాలికలను గౌరవంగా చూసే పాతకాలపు మర్యాద నేర్పడానికే అని స్థాపకుడి వివరణ. ఆటల్లో పరిగెత్తలేకపోతున్నామని, చలికి వణుకుతున్నామని బాలికలు చెప్పారు. 2016లో కుటుంబాలు కోర్టుకు వెళ్లాయి. మాది ప్రైవేటు సంస్థ, రాజ్యాంగపు సమానత్వ నిబంధన మాకు వర్తించదని బడి వాదించింది. 2022 జూన్‌లో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. ప్రజాధనంతో, రాష్ట్రం అప్పగించిన విద్యాబాధ్యతను నిర్వర్తించే బడి ప్రభుత్వం తరఫున పనిచేస్తున్నట్టేనని చెప్పింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఈ తీర్పు ఆ సర్క్యూట్ పరిధిలోని రాష్ట్రాలకే కట్టుబాటు. అయినా పాత విలువల పేరుతో నియమాలు రాసే ప్రతి మండలీ దాన్ని చదవాలి.

తెలుగువారు ఇందులో ఎక్కడ

తమ ఊళ్లో ఇలాంటి బడి కోసం పనిచేయాలనుకునే తెలుగు తల్లిదండ్రులకు టెక్సాస్ చట్టంలో ఒక నిబంధన ముఖ్యం. చార్టర్ పాలకమండలి సభ్యుల్లో సగానికి మించి ఓటు హక్కు ఉన్నవారై ఉండాలి. హెచ్1బీ మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవారు, గ్రీన్‌కార్డు ఉండి పౌరసత్వం రానివారు ఆ లెక్కలోకి రారు. మండలిలో ఉండవచ్చు, మెజారిటీ కాలేరు. పిల్లలకు మాత్రం ఈ అడ్డు లేదు. వలస హోదాను బట్టి పిల్లలను పబ్లిక్ స్కూలు నుంచి తప్పించకూడదని 1982లో ప్లయ్‌లర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు పుట్టింది టెక్సాస్‌లోనే. హెచ్4 మీదున్న పిల్లలు లాటరీలో పేరు వేసుకోవచ్చు.

ఈ నిబంధన వల్ల మనవాళ్లు ఊళ్లోని ఇతరులతో కలవక తప్పదు. అది మంచికే అని నా అభిప్రాయం. ఒకే భాషవారు, ఒకే ఉద్యోగాలవారు కలిసి పెట్టుకున్న బడి పైకి ఎంత బాగున్నా, నాష్‌విల్‌లో అడిగిన ప్రశ్న దానికీ ఎదురవుతుంది. స్థాపక బృందంలో స్పానిష్ మాట్లాడే కుటుంబం ఉందా, అద్దె ఇళ్ల వైపు నుంచి ఎవరైనా ఉన్నారా, బడ్జెట్ లెక్క తెలిసిన మనిషి, న్యాయవాది, వైకల్యం ఉన్న బిడ్డకు తల్లి అయిన మనిషి ఉన్నారా అని చూసుకోవాలి. మనవాళ్లు ఇవ్వగలిగినవీ తక్కువ కాదు. లెక్కలు, ఖాతాలు, కంప్యూటర్ వ్యవస్థలు చూసుకోవడంలో మనకు అలవాటుంది. ప్రాచీన భాషను శ్రద్ధగా నేర్చుకోవడంలో విలువేమిటో మనకు ఎవరూ విడమరిచి చెప్పనవసరం లేదు. పుస్తకాల జాబితా చర్చకు వచ్చినప్పుడు, భారతీయ సాహిత్యంలో ఒక్క మంచి అనువాదానికైనా చోటు అడగడం న్యాయం. అడిగేవారు ఆ పుస్తకం చదివి, పదో తరగతి పిల్లలతో దాన్ని ఎలా చర్చించాలో కాగితం మీద రాసి తీసుకెళ్తే మాట నిలుస్తుంది.

మంజూరు చేతికొచ్చాక గడియారం పరుగెత్తుతుంది. టెక్సాస్‌లో మూడో తరగతి నుంచి రాష్ట్ర పరీక్షలుంటాయి. నెమ్మదిగా లోతుగా నేర్పుతాం, పదో తరగతిలో ఫలితం చూడండి అంటే కుదరదు. ఎనిమిదేళ్ల పిల్లలు ఈ ఏడాది ఎంత తెచ్చుకున్నారన్నదే రేటింగ్. వరసగా మూడేళ్లు చదువులోనో ఆర్థిక నిర్వహణలోనో ప్రమాణాలకు తగ్గితే చార్టర్ రద్దు చేయడం తప్పనిసరి అని 2013 చట్టం చెబుతుంది. అందుకే అనుభవమున్న బృందాలు అన్ని తరగతులతో ఒకేసారి తెరవకుండా, చిన్న తరగతులతో మొదలుపెట్టి ఏటా ఒకటి చొప్పున పెంచుకుంటూ వెళ్తాయి. మొదటి నుంచి ఆ పద్ధతిలో నేర్చుకున్న పిల్లలే పెద్ద తరగతులకు వస్తారు, కొత్తగా ఏడో తరగతిలో చేరిన పిల్లవాడికి లాటిన్ అందక ఇంటికెళ్లి ఏడ్చే పరిస్థితి తగ్గుతుంది. ఇది నెమ్మది దారి. బడ్జెట్‌కు కష్టం కూడా, ఎందుకంటే తక్కువ పిల్లలతోనే భవనం అద్దె కట్టాలి. ఒకవేళ బడి మూతపడితే, రాష్ట్ర నిధులతో కొన్న ఆస్తి టెక్సాస్‌లో రాష్ట్రానికే చెందుతుంది. బల్లలు, లాటిన్ నిఘంటువులు, సైన్సు ప్రయోగశాల సామాన్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి మొదటి కొనుగోలు నుంచే ఆస్తుల జాబితా రాసి ఉంచమని ఆడిటర్లు చెబుతారు.